విచ్ఛిత్తిలో వెలువడే శక్తి: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

యురేనియం-235 కేంద్రకం ఒక్కటి చీలితే (దీన్నే విచ్ఛిత్తి అంటారు) ఎంత శక్తి వెలువడుతుందని వెతికితే ఒకచోట 173, ఒకచోట 185, ఇంకోచోట 200, మరోచోట 202.5 కనిపిస్తాయి. అన్నీ మెగా ఎలక్ట్రాన్ వోల్టుల్లోనే (పొట్టిగా ఎంఈవీ). వీటిలో తప్పు అంకె ఏదీ లేదు, ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు. కేంద్రకం ఏ రెండు ముక్కలుగా చీలింది? ఆ ముక్కలు ఇంకా రేడియోధార్మికంగా ఉండగానే లెక్క ఆపామా, అవి పూర్తిగా స్థిరపడేదాకా లెక్కపెట్టామా? చేతికి చిక్కకుండా పోయే ఆంటీన్యూట్రినోలనే సూక్ష్మ కణాలను కలిపామా, వదిలేశామా? E = mc² సూత్రం బాగా తెలిసినవాళ్లు కూడా తప్పులో కాలేసేది ఇక్కడే. కాలిక్యులేటర్ తీయకముందే ఈ మూడింటికీ జవాబు కాగితం మీద రాసుకుంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం కూడికలు, తీసివేతలు.

ఇక్కడ ఒకే చర్యను పట్టుకుని మొదటినుంచి చివరిదాకా వెళ్దాం. నెమ్మదైన న్యూట్రాన్ ఒకటి యురేనియం-235ను తాకింది. బేరియం-141, క్రిప్టాన్-92, మూడు న్యూట్రాన్లు వచ్చాయి. పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపించే చర్యే ఇది. నిజానికి కేంద్రకం చీలే తీరులు వందల్లో ఉంటాయి, ఇది వాటిలో ఒకటి మాత్రమే.

ముందుగా చేతిలో ఉండాల్సిన అంకెలు

ద్రవ్యరాశిని ఏఎంయూల్లో (పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాల్లో), శక్తిని ఎంఈవీల్లో రాద్దాం. ఒక ఏఎంయూ అంటే 1.66054 × 10⁻²⁷ కిలోలు. దాన్ని కాంతి వేగపు వర్గంతో గుణిస్తే 1.49242 × 10⁻¹⁰ జౌళ్లు, అంటే 931.494 ఎంఈవీ. ఈ ఒక్క అంకె గుర్తుంటే ప్రతిసారీ కాంతి వేగాన్ని వర్గం చేసే పని ఉండదు.

మన చర్యకు కావలసిన ద్రవ్యరాశులు, ఏఎంయూల్లో:

న్యూట్రాన్: 1.008665
యురేనియం-235: 235.043930
బేరియం-141: 140.914403
క్రిప్టాన్-92: 91.926173
ప్రేసియోడిమియం-141: 140.907660
జిర్కోనియం-92: 91.905035

చివరి రెండూ ఎందుకో తర్వాత తెలుస్తుంది. న్యూట్రాన్‌ది తప్ప ఇవన్నీ పరమాణు ద్రవ్యరాశులు. అంటే ఎలక్ట్రాన్లతో కలిపి తూచినవి, ఒట్టి కేంద్రకానివి కావు. ఈ మాట పట్టికలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కానీ ఫలితాన్ని పదుల ఎంఈవీల మేర మార్చేయగలదు.

ఎన్ని దశాంశ స్థానాలు కావాలి? 0.001 ఏఎంయూ అంటే 0.93 ఎంఈవీ. మూడో స్థానంలో ఒక్క అంకె తేడా వస్తే జవాబులో దాదాపు ఒక ఎంఈవీ పోతుంది. నాలుగు స్థానాలుంటే తరగతి గది లెక్కకు చాలు, ఆరు ఉంటే నిశ్చింత. 931.494కు బదులు 931.5 వాడితే మాత్రం ఏమీ కాదు. తేడా 0.001 ఎంఈవీ దగ్గరే ఆగుతుంది. గుణకం కచ్చితత్వం గురించి మథనపడి, ద్రవ్యరాశులను మూడు స్థానాలకు కుదించేవాళ్లు కనిపిస్తుంటారు. జాగ్రత్త పడాల్సింది ద్రవ్యరాశుల దగ్గర. ఎందుకంటే 236 చుట్టూ ఉన్న రెండు పెద్ద అంకెలను తీసివేసి 0.2 పాటి చిన్న తేడాను పట్టుకుంటున్నాం.

పాత పట్టికలకూ కొత్త పట్టికలకూ ఐదో, ఆరో దశాంశం దగ్గర తేడాలుంటాయి. అస్థిర ఐసోటోపులను మళ్లీ మళ్లీ కొలిచి సవరిస్తుంటారు కాబట్టి అది సహజమే. అంకెలన్నీ ఒకే పట్టిక నుంచి తీసుకుంటే సరిపోతుంది.

మొదటి దారి: ద్రవ్యరాశి తేడా

తీసివేతకు ముందు చర్య సమతూకంలో ఉందో లేదో చూడాలి. ద్రవ్యరాశి సంఖ్యలు: ఎడమవైపు 235 + 1 = 236, కుడివైపు 141 + 92 + 3 = 236. ప్రోటాన్లు: ఎడమవైపు 92, కుడివైపు 56 + 36 = 92. రెండూ సరిపోయాయి. న్యూట్రాన్లు ఎన్నో చెప్పకుండా శకలాలను (చీలిన ముక్కలను) మాత్రమే ఇచ్చిన లెక్కల్లో ఆ సంఖ్య తేలేది ఈ సమతూకం నుంచే.

ఎడమవైపు: 235.043930 + 1.008665 = 236.052595

కుడివైపు: 140.914403 + 91.926173 + (3 × 1.008665) = 140.914403 + 91.926173 + 3.025995 = 235.866571

తేడా: 236.052595 − 235.866571 = 0.186024 ఏఎంయూ

శక్తి: 0.186024 × 931.494 = 173.3 ఎంఈవీ

మొత్తం ద్రవ్యరాశిలో తగ్గింది 0.08 శాతమే. రోజువారీ మాటల్లో 'ద్రవ్యరాశి శక్తిగా మారిపోయింది' అంటాం కానీ, ఇక్కడ ప్రోటాన్ గానీ న్యూట్రాన్ గానీ ఒక్కటి కూడా మాయం కాలేదు. లెక్కపెట్టి చూడండి, 236 న్యూక్లియాన్లూ (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి) కుడివైపున ఉన్నాయి. వాటి కూర్పు మారింది, కొత్త కూర్పులో బిగువు పెరిగింది, ఆ పెరిగిన మేర శక్తి బయటికి వచ్చింది.

కదిలొచ్చిన న్యూట్రాన్ గతిజశక్తిని కూడా ఎడమవైపు కలపాలా అన్న సందేహం వస్తుంది. గది ఉష్ణోగ్రత దగ్గర నెమ్మదించిన న్యూట్రాన్‌కు ఉండేది 0.025 ఎలక్ట్రాన్ వోల్టులు, ఎంఈవీలో నాలుగు కోట్లవ వంతు. నిర్భయంగా వదిలేయవచ్చు. అదే 14 ఎంఈవీ వేగపు న్యూట్రాన్‌తో కొట్టిన చర్య అయితే వెలువడే ముక్కలన్నిటి మొత్తం శక్తిలో ఆ 14 కూడా ఉంటుంది. కానీ అది మనం తెచ్చిపెట్టిన శక్తి, విచ్ఛిత్తి ఇచ్చింది కాదు. రెంటినీ విడిగా రాయడం మంచిది.

ఇదే పద్ధతిలో ఇంకో చీలికను చూస్తే, జినాన్-140 (139.921646), స్ట్రాన్షియం-94 (93.915355), రెండు న్యూట్రాన్లు వచ్చే చర్యకు తేడా 0.198264 ఏఎంయూ, శక్తి 184.7 ఎంఈవీ. పైదానికన్నా 11 ఎంఈవీ ఎక్కువ. ముందు చెప్పిన 173, 185ల తగువు దీనితో తీరిపోయింది: చీలిక మారితే అంకె మారుతుంది.

జవాబు తేడాగా వస్తే కారణం ఎలా పట్టుకోవాలి

ఈ లెక్కలో జరిగే తప్పులు ఒక్కొక్కటీ తనదైన గుర్తు వదిలి వెళతాయి. జవాబును చూసి తప్పేంటో చెప్పవచ్చు.

జవాబు సరిగ్గా సున్నా వచ్చిందంటే అసలు ద్రవ్యరాశుల బదులు ద్రవ్యరాశి సంఖ్యలు వాడారు. 235, 141, 92 అని వేస్తే రెండు వైపులా 236 వచ్చి తీరాలి, అది సమతూకం మాత్రమే.

జవాబు రుణసంఖ్యగా, మైనస్ 766 దరిదాపుల్లో వచ్చిందంటే ఎడమవైపు న్యూట్రాన్‌ను మరిచారు. 1113 దగ్గర వచ్చిందంటే కుడివైపు మూడింటికి బదులు రెండే కలిపారు. ఒక న్యూట్రాన్ విలువ 939.6 ఎంఈవీ. జవాబు 170-200 పరిధి నుంచి దాదాపు 940 అటో ఇటో జరిగితే ఇంకేమీ వెతకక్కర్లేదు, న్యూట్రాన్లు లెక్కపెట్టుకోండి. ఎడమవైపు ఒకటి, కుడివైపు మూడు ఉన్నాయి కాబట్టి ముందే కొట్టేసి కుడివైపు రెండే మిగిల్చుకోవడం తెలివైన పని. మరిచిపోయే అవకాశం తగ్గుతుంది.

జవాబులో 47 ఎంఈవీ తేడా ఉంటే ఒకవైపు కేంద్రక ద్రవ్యరాశి, మరోవైపు పరమాణు ద్రవ్యరాశి వాడారు. ఎలక్ట్రాన్ ఒక్కోటి 0.511 ఎంఈవీ, యురేనియానికి అవి 92. రెండు వైపులా పరమాణు ద్రవ్యరాశులే వాడితే 92 ఎలక్ట్రాన్లు అటూ ఇటూ కొట్టుకుపోతాయి, వాటి గురించి ఆలోచించే పనే ఉండదు.

ఏ పట్టికలోనో బేరియం ద్రవ్యరాశి 137.33 అని చూసి వేసేవాళ్లూ ఉన్నారు. అది ప్రకృతిలో దొరికే బేరియం ఐసోటోపుల సగటు. ఇక్కడ కావలసింది 141వ ఐసోటోపుది. జవాబు వేల ఎంఈవీల్లో వస్తే అనుమానించాల్సింది దీన్నే.

రెండో దారి: బంధన శక్తి

ద్రవ్యరాశుల బదులు బంధన శక్తులు (కేంద్రకాన్ని విడి ప్రోటాన్లు, న్యూట్రాన్లుగా విడదీయడానికి కావలసిన శక్తి) ఇస్తే లెక్క ఇంకా చిన్నది. అయితే ఇక్కడ తీసివేత తిరగబడుతుంది: చివరి బంధన శక్తుల మొత్తం నుంచి మొదటిదాన్ని తీసేయాలి. విడి న్యూట్రాన్లు దేనితోనూ బంధం లేనివి, వాటి వంతు సున్నా.

యురేనియం-235: 1783.87 ఎంఈవీ
బేరియం-141: 1173.98 ఎంఈవీ
క్రిప్టాన్-92: 783.17 ఎంఈవీ

1173.98 + 783.17 − 1783.87 = 173.3 ఎంఈవీ. మొదటి దారిలో వచ్చిన అంకే వచ్చింది. రాక చస్తుందా, రెండూ ఒకే కొలతల నుంచి పుట్టినవే కదా. కాబట్టి ఇది స్వతంత్రమైన రుజువు కాదు, కూడికల్లో తప్పు పట్టుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

చిక్కు ఎక్కడంటే, పట్టికల్లో సాధారణంగా న్యూక్లియాన్‌కు ఇంత అని సగటు ఇస్తారు. ఈ మూడింటికీ వరసగా 7.591, 8.326, 8.513. వీటిని ఒక దశాంశ స్థానానికి కుదించి 7.6, 8.3, 8.5 అని వేస్తే ఏమవుతుందో చూడండి: 8.3 × 141 = 1170.3, 8.5 × 92 = 782, 7.6 × 235 = 1786. జవాబు 166.3. ఏడు ఎంఈవీలు ఎటో పోయాయి. చిన్న కుదింపును 141తోనూ 235తోనూ గుణించాం మరి. సగటుతో లెక్క వేసేటప్పుడు కనీసం మూడు దశాంశ స్థానాలు ఉండాలి.

నోటి లెక్కకు మాత్రం ఇది చక్కటి దారి. యురేనియం దగ్గర న్యూక్లియాన్‌కు 7.6, మధ్యస్థ కేంద్రకాల దగ్గర 8.5. తేడా 0.9, దాన్ని 235తో గుణిస్తే 210 ఎంఈవీ చిల్లర. కాకిలెక్కే, కానీ 200 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది.

మూడో దారి: విద్యుదావేశాల వికర్షణ

నిజంగా స్వతంత్రమైన సరిచూపు కావాలంటే ద్రవ్యరాశుల పట్టికను పక్కనపెట్టాలి. చీలిన క్షణంలో 56 ప్రోటాన్ల ముక్క, 36 ప్రోటాన్ల ముక్క పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ధనావేశాలే, ఒకదాన్నొకటి విపరీతంగా తోసుకుంటాయి. వాటి స్థితిజశక్తి అంతా కొద్ది క్షణాల్లో గతిజశక్తిగా మారుతుంది.

శక్తి = 1.44 × 56 × 36 ÷ దూరం. దూరం ఫెమ్టోమీటర్లలో (ఒక్కోటి 10⁻¹⁵ మీటర్లు) వేస్తే జవాబు ఎంఈవీల్లో వస్తుంది. పైభాగం విలువ 2903.

దూరం ఎంత వేయాలి? రెండు ముక్కలనూ నున్నటి గోళాలుగా తాకించి ఉంచితే వాటి కేంద్రాల మధ్య దూరం 1.2 × (5.20 + 4.51) = 11.7 ఫెమ్టోమీటర్లు (5.20, 4.51 అనేవి 141, 92ల ఘనమూలాలు). శక్తి దాదాపు 249 ఎంఈవీ. ఇది మరీ ఎక్కువ. గోళాలనుకోవడమే ఇక్కడి పొరపాటు. కేంద్రకం తెగేముందు నడుము సన్నబడి పొడుగ్గా సాగుతుంది, తెగే వేళకు ఆ దూరం సుమారు 17 ఫెమ్టోమీటర్లు. అది వేస్తే 171 ఎంఈవీ. శకలాల గతిజశక్తికి కొలిచిన సగటు విలువ 169. అంత దగ్గరగా రావడానికి కారణం 17ను తెలిసి ఎంచుకోవడమే. కాబట్టి ఈ దారిని కచ్చితమైన జవాబుకు నమ్ముకోకూడదు. 20 కాదు, 2000 కాదు, 200 దగ్గరే అని చెప్పడం దీని పని.

విచ్ఛిత్తి శక్తిని మొట్టమొదట లెక్కకట్టిన తీరు కూడా ఇదే. 1938 డిసెంబరులో ఓటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియంలో బేరియం ఆనవాళ్లు కనుక్కున్న వార్త అందినప్పుడు లీజ్ మైట్నర్, ఆమె అక్క కొడుకు ఓటో ఫ్రిష్ స్వీడన్‌లో ఉన్నారు. రెండు ముక్కల వికర్షణ నుంచి సుమారు 200 ఎంఈవీ వచ్చింది. విడిగా ద్రవ్యరాశి తగ్గుదలను అంచనా వేస్తే ప్రోటాన్ ద్రవ్యరాశిలో ఐదో వంతు తేలింది. అది కూడా సుమారు 200 ఎంఈవీయే. సంబంధం లేని రెండు దారుల్లో ఒకే అంకె రావడంతో సందేహం తీరింది.

ఈ గతిజశక్తిని రెండు ముక్కలూ సమానంగా పంచుకోవు. ద్రవ్యవేగ నిత్యత్వం వల్ల తేలికపాటి ముక్కకే ఎక్కువ వాటా. 236ను 140, 96గా విడదీస్తే 169 ఎంఈవీలో తేలికదానికి 169 × 140 ÷ 236 = 100, బరువుదానికి 69. వ్యతిరేకంగా పంచేసి 'బరువుదానికే శక్తి ఎక్కువ' అని రాయడం పరీక్షల్లో చాలా మామూలు తప్పు.

లెక్కను స్థిరపడేదాకా తీసుకెళ్లడం

ఇప్పుడు 173.3 దగ్గర ఆగిపోయిన మన చర్యకు తిరిగి వద్దాం. బేరియం-141, క్రిప్టాన్-92 రెండింటిలోనూ న్యూట్రాన్లు ఉండాల్సినదానికన్నా ఎక్కువున్నాయి. బీటా క్షయంతో (న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్‌ను వెలువరించడంతో) అవి మెట్టుమెట్టుగా దిగుతాయి. బేరియం-141 నుంచి లాంథనం, సీరియం మీదుగా ప్రేసియోడిమియం-141 దాకా మూడు మెట్లు. క్రిప్టాన్-92 నుంచి రుబిడియం, స్ట్రాన్షియం, యిట్రియం మీదుగా జిర్కోనియం-92 దాకా నాలుగు. ప్రతి మెట్టులోనూ శక్తి వెలువడుతుంది.

ఒక్కో మెట్టునూ విడిగా లెక్కించక్కర్లేదు. మొదలు, చివర తెలిస్తే చాలు.

కుడివైపు: 140.907660 + 91.905035 + 3.025995 = 235.838690

తేడా: 236.052595 − 235.838690 = 0.213905 ఏఎంయూ

శక్తి: 199.3 ఎంఈవీ

ఆ 200 వచ్చేసింది. 173కూ 199కీ మధ్య ఉన్న 26 ఎంఈవీ ఈ ఏడు బీటా క్షయాలదే.

బయటికి వచ్చిన ఏడు ఎలక్ట్రాన్ల ద్రవ్యరాశిని కుడివైపు కలపాలనిపించడం సహజం. కలపకూడదు. యురేనియం పరమాణువులో ఎలక్ట్రాన్లు 92. చివర ప్రేసియోడిమియానికి 59, జిర్కోనియానికి 40, మొత్తం 99. అదనంగా కనిపించే ఆ ఏడే బీటా కణాలుగా వెలువడిన ఎలక్ట్రాన్లు, పరమాణు ద్రవ్యరాశుల్లో అవి ముందే చేరిపోయాయి. మళ్లీ కలిపితే 3.6 ఎంఈవీ తక్కువ చూపిస్తుంది.

ఈ 26 ఎంఈవీ ఒక్కసారిగా రాదు. క్రిప్టాన్-92 అర్ధాయువు (సగం క్షయమవడానికి పట్టే కాలం) 2 సెకన్ల లోపు, రుబిడియం-92ది నాలుగున్నర సెకన్లు. ఈ రెండు మెట్ల నుంచే 14 ఎంఈవీ వచ్చేస్తుంది. స్ట్రాన్షియం-92, యిట్రియం-92, లాంథనం-141 గంటల లెక్కన సాగుతాయి. సీరియం-141 అర్ధాయువు 32.5 రోజులు, అది ఇవ్వాల్సిన చివరి 0.58 ఎంఈవీ కోసం నెలలు ఆగాలి.

సగటు విచ్ఛిత్తి జమాఖర్చు

ఒక్కో చీలికకు ఒక్కో అంకె వస్తుంటే పనికి వాడేది సగటు. నెమ్మదైన న్యూట్రాన్లతో యురేనియం-235 విచ్ఛిత్తికి ఆ సగటు, ఎంఈవీల్లో:

శకలాల గతిజశక్తి: 169.1
అప్పటికప్పుడు వెలువడే న్యూట్రాన్ల గతిజశక్తి: 4.8
అప్పటికప్పుడు వెలువడే గామా కిరణాలు: 7.0
తర్వాత వచ్చే బీటా కణాలు: 6.5
తర్వాత వచ్చే గామా కిరణాలు: 6.3
ఆంటీన్యూట్రినోలు: 8.8
మొత్తం: 202.5

ఆంటీన్యూట్రినోల 8.8 దేన్నీ వేడెక్కించకుండా రియాక్టర్ గోడల్లోంచి, భూమిలోంచి దూసుకుపోతుంది. వేడిగా మిగిలేది 193.7. అంటే రియాక్టర్ లెక్కకు 193.7 వాడాలా? అక్కడ ఇంకో సంగతి ఉంది. సగటున విచ్ఛిత్తికి 2.43 న్యూట్రాన్లు వస్తాయి. గొలుసు చర్య నిలకడగా సాగడానికి ఒకటి చాలు. మిగిలిన 1.43 ఇంధనంలోనో, న్యూట్రాన్లను నెమ్మదింపజేసే మోడరేటర్‌లోనో, లోహపు తొడుగుల్లోనో, నియంత్రణ కడ్డీల్లోనో శోషణ అవుతాయి. ఒక్కో శోషణలో సుమారు 6 ఎంఈవీ గామా కిరణాలుగా వస్తుంది. అది 8.8 దాకా తేలుతుంది. పోయినంతా దాదాపు తిరిగొచ్చింది! ఇది కాకతాళీయమే. న్యూట్రాన్లను మింగే పదార్థాలు మారితే ఈ అంకె మారుతుంది. ప్లుటోనియం-239కు మొత్తం 207.1, అందులో ఆంటీన్యూట్రినోలు 7.1, శోషణల నుంచి వచ్చేది 11.5. వేడి 211.5, అంటే ఇక్కడ రాబడే ఎక్కువ.

కాబట్టి చేతి లెక్కకు 200 వాడటం బద్ధకమేమీ కాదు, సబబే. ప్రశ్న 'ఈ చర్యలో' అని అడిగితే ద్రవ్యరాశి తేడా తీయాలి, 'రియాక్టర్‌లో' అని అడిగితే 200 వేయాలి. ఈ రెండు సందర్భాలనూ కలిపేస్తేనే గందరగోళం.

ఎంఈవీల నుంచి కిలోలకు, మెగావాట్లకు

ఒక ఎంఈవీ 1.602 × 10⁻¹³ జౌళ్లు. 200 ఎంఈవీ అంటే 3.204 × 10⁻¹¹ జౌళ్లు. దీన్ని తిరగేస్తే 3.12 × 10¹⁰. ఒక వాట్ వేడి రావాలంటే సెకనుకు మూడు వేల కోట్లకు పైగా కేంద్రకాలు చీలాలి.

కిలో యురేనియం-235లో పరమాణువులు: 1000 ÷ 235.044 × 6.022 × 10²³ = 2.562 × 10²⁴. ఇక్కడ 1000 బదులు 1 వేసి గ్రాముకూ కిలోకూ తికమక పడటం చాలా మామూలు. అవొగాడ్రో సంఖ్య గ్రాముల్లో రాసిన ద్రవ్యరాశికి వర్తిస్తుంది.

అన్నీ చీలితే: 2.562 × 10²⁴ × 3.204 × 10⁻¹¹ = 8.21 × 10¹³ జౌళ్లు. కిలోవాట్ అవర్లలో 2.28 కోట్లు. కిలోకు 24 మెగాజౌళ్లు ఇచ్చే బొగ్గు అయితే 3,400 టన్నులకు పైగా కాల్చాలి. ద్రవ్యరాశిలో తగ్గింది ఎంత? 8.21 × 10¹³ను కాంతి వేగపు వర్గంతో భాగిస్తే 0.91 గ్రాములు. కిలో మొత్తం శక్తిగా మారిపోతుందని 9 × 10¹⁶ జౌళ్లు రాసేవాళ్లు వెయ్యి రెట్లు తప్పుతున్నారు.

3,000 మెగావాట్ల ఉష్ణశక్తి ఇచ్చే రియాక్టర్‌ను తీసుకుందాం. రోజుకు శక్తి 3 × 10⁹ × 86,400 = 2.59 × 10¹⁴ జౌళ్లు. దాన్ని 8.21 × 10¹³తో భాగిస్తే 3.16 కిలోలు. రోజుకు చీలే పదార్థం అంతే. మెగావాట్-రోజుకు 1.05 గ్రాములు అని గుర్తుపెట్టుకుంటే ఇలాంటివి నోటితో చెప్పేయవచ్చు. ప్రశ్నలో ఇచ్చినది విద్యుత్తు మెగావాట్లయితే ముందు దాన్ని వేడిలోకి మార్చాలి. సామర్థ్యం 33 శాతం అనుకుంటే 1,000 మెగావాట్ల విద్యుత్తుకు 3,000 మెగావాట్ల వేడి కావాలి. ఈ మెట్టు మరిచితే జవాబు మూడో వంతుకు పడిపోతుంది.

చీలిన యురేనియం-235 వేరు, ఖర్చయిన యురేనియం-235 వేరు. న్యూట్రాన్‌ను మింగిన ప్రతి కేంద్రకమూ చీలదు. నెమ్మదైన న్యూట్రాన్‌కు విచ్ఛిత్తి అవకాశం 585 బార్న్‌లు (బార్న్ ఆ అవకాశాన్ని కొలిచే ప్రమాణం), చీలకుండా మింగేసే అవకాశం 99 బార్న్‌లు. వంద చీలితే పదిహేడు ఊరికే యురేనియం-236గా మారిపోతాయి. అందుకని మెగావాట్-రోజుకు ఖర్చు 1.05 × 1.17 = 1.23 గ్రాములు.

ఇంధనం బరువును నేరుగా వేయడం ఇంకో ఉచ్చు. రియాక్టర్‌లో ఉండేది ఒట్టి యురేనియం-235 కాదు, యురేనియం డయాక్సైడ్ బిళ్లలు. అందులో యురేనియం వంతు 88 శాతం. దాన్ని 4 శాతానికి ఎన్‌రిచ్ చేశారనుకుంటే (అందులో యురేనియం-235 వంతును అంతకు పెంచారనుకుంటే) కిలో బిళ్లల్లో యురేనియం-235 ఉండేది 35 గ్రాములు. అలాగని 35 గ్రాముల దగ్గరే లెక్క ముగియదు. యురేనియం-238 న్యూట్రాన్లను మింగి ప్లుటోనియం-239గా మారుతుంది, అదీ చీలుతుంది. టన్ను యురేనియం నుంచి 45,000 మెగావాట్-రోజుల వేడి తీసిన ఇంధనంలో 45,000 × 1.05 గ్రాములు, అంటే సుమారు 47 కిలోలు చీలాయన్నమాట. అది 4.7 శాతం. మొదట 4 శాతమే ఉన్న యురేనియం-235, అదీ పూర్తిగా ఖర్చవకుండా, 4.7 శాతం చీలికను ఎలా ఇచ్చిందని కంగారుపడక్కర్లేదు. మిగతాది ఎక్కువగా ప్లుటోనియం చలవే.

ఆపాక కూడా ఆగని వంతు

జమాఖర్చులో 'తర్వాత వచ్చే' బీటా, గామా రెండింటినీ కూడితే 12.8 ఎంఈవీ. మొత్తంలో ఆరు శాతం పైచిలుకు. రియాక్టర్‌లో గొలుసు చర్యను ఆపిన క్షణంలో మిగిలే వేడి కూడా దాదాపు ఆ ఆరు శాతమే, ఎందుకంటే అంతవరకు పోగైన శకలాలు తమ మెట్లు దిగుతూనే ఉంటాయి.

అది తగ్గే తీరుకు ఉజ్జాయింపు సూత్రం ఇది: వేడి భాగం = 0.066 × (ఆపాక గడిచిన కాలానికి మైనస్ 0.2 ఘాతం − ఆపాక గడిచిన కాలం, నడిచిన కాలం రెండూ కలిపినదానికి మైనస్ 0.2 ఘాతం). కాలాలు రెండూ సెకన్లలో వేయాలి. గంటల్లో వేస్తే జవాబు అయిదు రెట్లు పెరుగుతుంది.

ఏడాది పాటు (3.15 × 10⁷ సెకన్లు) 3,000 మెగావాట్ల దగ్గర నడిచిన రియాక్టర్‌ను ఆపిన గంటకు: 3,600కు ఆ ఘాతం 0.194, రెండో పదం 0.032. తేడా 0.163, దాన్ని 0.066తో గుణిస్తే 0.0107. అంటే 32 మెగావాట్లు. ఒక రోజు తర్వాత అదే లెక్కన 0.0047, అంటే 14 మెగావాట్లు. చల్లబరిచే నీరు ఆగకూడదనేది ఈ 14 వల్లే.

ఈ సూత్రాన్ని ఆపిన మొదటి సెకన్లకు వాడకూడదు. కాలం సున్నా వేస్తే మొదటి పదం అనంతమవుతుంది, అందులో భౌతికశాస్త్రం ఏమీ లేదు. పది సెకన్ల తర్వాత నుంచి కొన్ని నెలల దాకా ఉజ్జాయింపుగా పనిచేస్తుంది. యురేనియం-238 నుంచి పుట్టే యురేనియం-239, నెప్ట్యూనియం-239ల క్షయ వేడి ఇందులో లేదు. నెప్ట్యూనియం-239 అర్ధాయువు సుమారు 2.36 రోజులు కాబట్టి, మొదటి వారం లెక్కకు దాన్ని విడిగా కట్టి కలపాలి.